జీపులో సీబీ రేడియో: లంకల్లో బండేసుకు తిరిగేవాళ్ళు అడుగుతూనే ఉండే ప్రశ్నలు

వేసవొచ్చి గోదాట్లో నీళ్ళు తగ్గి ఇసక తేలితే చాలు, రాజోలు, అమలాపురం, నర్సాపురం వైపు నుంచి నాలుగైదు థార్లు, పాత జిప్సీలు, బొలెరోలు లంకల్లోకి దిగిపోతాయి, దిగేక ఫోన్‌లో ఒక గీత సిగ్నల్ వస్తే గొప్ప, ముందెళ్ళిన బండి ఊబిలో కూరుకుపోతే వెనకోడికి తెలీదు, అక్కడ నుంచి మొదలవుద్ది "రేడియో పెట్టుకుందాం బావా" అనే మాట. అదే సీబీ రేడియో, బండి నుంచి బండికి మాట్లాడుకునే సెట్. ఆ తరవాత నాకు ఫోన్లు. ప్రతి ఏడూ ఇవే డౌట్లు వస్తన్నాయి గనక ఒకచోట రాసి పడేస్తన్నాను, మీకు కావాల్సింది చూసుకుని మిగతాది వదిలేయండి. నేను లాయర్ని కాదు, జీపులో సెట్ పెట్టుకుని కొన్నేళ్ళు తిరిగి, రెండు మూడు మొట్టికాయలు తిన్నవాణ్ణి.

## కొనేముందు

అసలు సీబీ రేడియోకి లైసెన్సు కావాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పండి

అక్కర్లేదు, కానీ షరతులున్నాయి. మన దేశంలో 2005లో ఇచ్చిన రూల్స్ ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సిటిజన్ బ్యాండ్‌లో (సీబీ అంటే ఇదే), గరిష్ఠంగా 5 వాట్ల ఈఆర్‌పీ (గాల్లోకి పోయే బలం) వరకూ లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. సెట్‌కి ప్రభుత్వ టైప్ అప్రూవల్ ఉండాలి, ఇంకొకళ్ళ లైసెన్సు ఉన్న సర్వీసుకి అడ్డు తగలకూడదు. జనం మొదటి సగం విని లేచెళ్ళిపోతారు, రెండో సగం దగ్గరే దొరికిపోతారు. "లైసెన్సు అక్కర్లేదు" అంటే "ఏ సెట్ అయినా, ఎలాగైనా" అని కాదండి.

నా దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న వాకీటాకీ జత ఉంది, అదీ సీబీయే కదా?

నూటికి తొంభై మంది అడిగేది ఇదే, కాదు అనే నా సమాధానం కూడా. మనవైపు చేత్తో పట్టుకు మాట్లాడే ప్రతిదాన్నీ సీబీ అనేస్తన్నాం. రెండు మూడు వేలకి దొరికే చైనా సెట్లు 136-174, 400-520 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, 27కి అవి రానే రావు. ఆ ఫ్రీక్వెన్సీల్లో పోలీసులు, ఓడలు, కంపెనీలు, హామ్‌లు (పరీక్ష రాసి లైసెన్సుతో సరదాకి రేడియో నడిపేవాళ్ళు) అందరూ ఉంటారు, అక్కడ లైసెన్సు లేకుండా మైకు నొక్కితే తప్పే. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చిన్న ముక్కకి మాత్రం 2018 రూల్స్‌లో లైసెన్సు మినహాయింపు ఇచ్చేరు, తక్కువ పవర్ సెట్లకి. అంచేత డబ్బా మీద ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూడకుండా "లాంగ్ రేంజ్ 10 కిలోమీటర్లు" అన్న అక్షరాలు చూసి కొనొద్దు. 2025లో ఆన్‌లైన్ అమ్మకాల మీద వినియోగదారుల రక్షణ అథారిటీ గైడ్‌లైన్స్ తెచ్చింది, అమ్మేవాడు ఫ్రీక్వెన్సీ, అప్రూవల్ వివరాలు పేజీలోనే చూపించాలి. చూపించలేదంటే ఆ పేజీ మూసేయండి.

మా తమ్ముడు అమెరికా నుంచి 40 ఛానెళ్ళ సెట్ తెస్తానంటన్నాడు, తెప్పించుకోనా?

వద్దంటాను, కారణం లెక్కలోనే ఉంది. అమెరికా సీబీలో ఛానెల్ 1 అంటే 26.965, ఛానెల్ 40 అంటే 27.405 మెగాహెర్ట్జ్. మన బ్యాండు 27.283 దగ్గర ఆగిపోద్ది. వాళ్ళ ఛానెల్ 27 ఉండేది 27.275లో, అది మన గీతకి లోపలే. ఛానెల్ 28 ఉండేది 27.285లో, గీత దాటేసింది. అంటే అదే సెట్‌లో 1 నుంచి 27 దాకా ఒక లెక్క, 28 నుంచి 40 దాకా ఇంకో లెక్క, నాబ్ ఒక్క మెట్టు తిప్పితే మినహాయింపు పోయినట్టే. మా వాళ్ళలో ఒకడు సరిగ్గా 38 మీద పెట్టుకుని "ఇక్కడ ఎవడూ లేడు, ప్రశాంతంగా ఉంది" అని మురిసిపోయేడు, ప్రశాంతంగా ఎందుకుందో తరవాత చెప్పేను. పైగా వైర్‌లెస్ సెట్ సూట్‌కేస్‌లో వస్తే కస్టమ్స్ వాళ్ళు అప్రూవల్ కాగితం అడగొచ్చు, లేకపోతే అక్కడే ఆపేస్తారు. తమ్ముడికి బాదంపప్పు తెమ్మని చెప్పండి.

ఈటీఏ ఈటీఏ అంటారు, ఏంటది, షాపువాడు లేదంటే ఏం చెయ్యాలి?

ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్. ఢిల్లీలో టెలికమ్యూనికేషన్స్ శాఖ కింద డబ్ల్యూపీసీ అని ఒక విభాగం ఉంది, దేశంలో ఫ్రీక్వెన్సీలు పంచేది వాళ్ళే, ఫలానా మోడల్ ఫలానా బ్యాండ్‌లో ఫలానా పవర్ దాటదు అని వాళ్ళిచ్చే కాగితం ఇది. సరళ్ సంచార్ అనే పోర్టల్‌లో కంపెనీలు అప్లై చేస్తాయి, మనం కాదు. అది మోడల్‌ని బట్టి ఉంటది గనక సర్టిఫికెట్ మీద మోడల్ నంబరు, మీ సెట్ వెనక స్టిక్కర్ మీద నంబరు, రెండూ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చుకోండి. లేదంటే కొనకండి, "అందరూ అలాగే కొంటన్నారండి" అన్నా సరే కొనకండి. ఒక ఫోటో తీసి ఫోన్‌లోనూ, ఒక జెరాక్స్ డ్యాష్‌బోర్డు అరలోనూ పెట్టుకోండి, బండి ఆర్‌సీ పక్కనే.

5 వాట్లు అంటే సెట్ మీద రాసుండేదేనా? బూస్టర్ పెడితే ఎవరికి తెలుస్తుంది?

సెట్ మీద రాసేది సెట్ బయటికి పంపే పవర్. రూల్‌లో ఉన్నది ఈఆర్‌పీ, అంటే యాంటెన్నా దాటేక గాల్లోకి పోయే బలం. మంచి గెయిన్ ఉన్న యాంటెన్నా పెడితే ఈ లెక్క పెరుగుద్ది, చిన్న యాంటెన్నా, పొడుగు వైరు అయితే తగ్గుద్ది. జీపు మీద మామూలు యాంటెన్నాతో 4 వాట్ల సెట్ అయితే ఈ గీత దాటడం కష్టమే. బూస్టర్ మాత్రం గీత దాటడం కాదు, గీతని చెరిపేయడం. 100 వాట్ల బూస్టర్ పెడితే మీకు పనికొచ్చేదాని కన్నా పక్కింటోళ్ళ టీవీ, స్పీకర్లలో మీ గొంతు వినపడ్డం ఎక్కువ, అక్కడ నుంచే కంప్లయింటు వెళ్తది. ఇంకోటి, అప్రూవల్ ఇచ్చేది ఆ సెట్ ఉన్నదున్నట్టుగా. లోపల విప్పి పవర్ పెంచినా, కూడా రాని యాంటెన్నా తగిలించినా ఆ కాగితం మీ సెట్‌ది కాకుండా పోద్ది. అంచేత యాంటెన్నా విడిగా కొనేముందు ఆ సర్టిఫికెట్‌లోనూ, మినహాయింపు నోటిఫికేషన్‌లోనూ యాంటెన్నా గురించి ఏం రాసేరో చదివి అప్పుడు డబ్బులు తియ్యండి.

## బండికి బిగించేటప్పుడు

యాంటెన్నాని బుల్‌బార్‌కి బిగించొచ్చా? వీడియోల్లో అందరూ అలాగే పెడతన్నారు

వీడియోల్లో వాళ్ళ దేశాలు వేరండి. మన దగ్గర బుల్‌బారే (బండి ముందు బిగించే ఇనుప గార్డు) తప్పు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మనిష్టానికి మార్చకూడదు, బుల్‌బార్లు, క్రాష్‌గార్డులు తీయించమని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకి రాసింది కూడా. దానికి యాంటెన్నా బిగిస్తే రోడ్డు మీద ట్రాఫిక్ వాళ్ళకి దూరం నుంచే జెండా ఊపినట్టు. నేను వాడేది బోనెట్ అంచుకి పట్టే క్లాంప్, స్క్రూ తీస్తే ఊడొచ్చేస్తది, చిల్లు పెట్టక్కర్లేదు, ఇంటికి రాగానే తీసి లోపల పడేస్తాను. ఇనుప బాడీకి క్లాంప్ గట్టిగా ఆనాలి, పెయింట్ కింద లోహం తగలాలి, లేకపోతే యాంటెన్నాకి ఎర్త్ దొరకదు.

ఎంత పొడుగు యాంటెన్నా ఉంటే మంచిది?

27 మెగాహెర్ట్జ్ అల పొడుగు సుమారు 11 మీటర్లు, అందులో పావు అంటే 2.75 మీటర్లు, తొమ్మిదడుగుల లెక్క. రేడియోకి అదే బెస్టు, మన డెల్టాకి అదే డేంజరు. బొలెరో టాప్ మీద తొమ్మిదడుగుల కర్ర నిలబెడితే నేల నుంచి పదిహేనడుగులు అవుద్ది. ఇక్కడ చేపల చెరువులకి, రొయ్యల చెరువులకి ఏరేటర్ల కోసం లాగిన కరెంటు వైర్లు గట్ల మీద ఎంత కిందకి వేలాడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మలికిపురం వైపు ఒక చెరువు గట్టు మీద ముందెళ్ళే బండి యాంటెన్నా కొబ్బరి మట్టకి తగిలి వెనక్కి వంగి, మట్ట వదిలేసరికి తూనీగ తోకలా ఎగిరి పైనున్న వైరుకి జానెడు దూరంలో ఆగింది. వెనక బండిలో నేను చూస్తన్నాను, మైకు నొక్కడానికి కూడా చెయ్యాడలేదు. ఆ రోజు నుంచి మా వాళ్ళందరికీ నాలుగడుగులు దాటని, కింద కాయిల్ ఉన్న ఫైబర్ యాంటెన్నాలే. రేంజ్ కొంచెం తగ్గుద్ది, తగ్గనీ.

వైరింగ్‌లో చూసుకోవాల్సిందేమైనా ఉందా?

సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కాకుండా తిన్నగా బ్యాటరీ నుంచి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టి తెచ్చుకోండి. యాంటెన్నా కలపకుండా మైకు నొక్కొద్దు, సెట్ కాలిపోద్ది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా సెట్‌కి సరిగ్గా కుదిరిందో లేదో చూపించేది) ఒకటి ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకుని 2 లోపు, కుదిరితే 1.5 దగ్గరకి వచ్చేలా యాంటెన్నా సరిచేసుకోండి. ఉప్పుగాలి కదండీ మనది, అంతర్వేది, ఓడలరేవు వైపు రెండు ట్రిప్పులు తిరిగితే కనెక్టరుకి పచ్చగా చిలుం పట్టేస్తది, ఏడాదికోసారి కోసి కొత్తది వెయ్యాల్సిందే.

## లంకల్లో దిగేక

ఎంత దూరం వినపడుద్ది?

ఖాళీ ఇసక తిన్నెల మీద బండికి బండికి నాలుగైదు కిలోమీటర్లు నేను మాట్లాడేను, కొబ్బరితోటల్లోకి వెళ్తే రెండు, ఏటిగట్టు అడ్డొస్తే ఇంకా తక్కువ. మనది పళ్ళెంలా బల్లపరుపు నేల, ఎక్కి నిలబడ్డానికి ఒక కొండ లేదు, ఉన్న ఎత్తల్లా గట్టే. అంచేత కింద లంకలో వాళ్ళకి వినపడకపోతే ఒక బండి గట్టెక్కి ఆగితే చాలు, అటూ ఇటూ మాట అందిస్తది.

నడుపుతా మైకు పట్టుకుంటే ఫైన్ వేస్తారా?

వెయ్యొచ్చు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు సెక్షన్ 184లో, ప్రమాదకరంగా నడపడం అంటే ఏంటో చెప్పే చోట, చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరాలు వాడడాన్ని కూడా చేర్చేరు. అక్కడ ఫోన్ అని మాత్రమే లేదు, మైకూ అందులోకే వస్తది. మొదటిసారికి 1000 నుంచి 5000 రూపాయల దాకా జరిమానా, లేదంటే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, రెండూ కూడా. ఫైను సంగతి అటుంచండి, ఏటిగట్టు మీద ఎదురుగా గడ్డిమోపు బండి వస్తే ఒంటి చేత్తో స్టీరింగ్ ఎంత తిప్పుతారు? మా పద్ధతి ఏంటంటే మైకు పక్కసీటోడిది, డ్రైవరు నోటితో చెప్తాడు, పక్కోడు అందులో చెప్తాడు. ఒక్కడే ఉంటే బండి ఆపి మాట్లాడతాడు.

సెట్‌లో ఒకటే గుయ్యిమని మోత వస్తంది, ఎవరికి కంప్లయింట్ చెయ్యాలి?

ఎవరికీ చెయ్యలేరు. ఈ బ్యాండ్‌లో మనకిచ్చిన మినహాయింపు అడ్డు తగలకూడదు, రక్షణ అడగకూడదు, అందరితో పంచుకోవాలి అనే మూడు షరతుల మీద. అంటే మీ మాట ఎవరైనా చెడగొట్టినా నోరు మూసుకోవాలి, మీరు లైసెన్సు ఉన్నవాళ్ళని చెడగొడితే మాత్రం పవర్ తగ్గించాలి, చోటు మార్చాలి, కుదరకపోతే కట్టేయాలి. ఇదే బ్యాండు పరిశ్రమలకి, వైద్యానికి కూడా కేటాయించిందే, దాని మధ్య గీత 27.12 మెగాహెర్ట్జ్. ఓసారి అమలాపురంలో ఒక వీధిలో ట్రిప్పుకి బయల్దేరబోతా బండ్లు ఆపుకుని ఉన్నాం, ఛానెల్ 14లో పదిహేను నిమిషాలు గుయ్యి, ఆగింది, ఐదు నిమిషాలాగి మళ్ళీ గుయ్యి. ఆల్టర్నేటర్ అనుకుని ఇంజన్ కట్టేసేం, బ్యాటరీ పీకేం, ఏమీ లాభం లేదు. తలెత్తి చూస్తే మేడ మీద ఫిజియోథెరపీ బోర్డు. లోపల ఎవరో మామ్మగారి మోకాలికి షార్ట్‌వేవ్ మెషీన్‌తో కాపడం పెడతన్నారు, అది నడిచేది సరిగ్గా 27.12లో, అంటే ఛానెల్ 13కీ 14కీ నడిమధ్య. మామ్మగారి మోకాలికే మన కన్నా ఎక్కువ హక్కు. 20 తరవాతి ఛానెల్‌కి మారి వెళ్ళిపోయేం.

ఒక్కోసారి ఏవో విదేశీ భాషలు వినపడతన్నాయి, ఎవరైనా మనల్ని వింటన్నారా?

భయపడక్కర్లేదు, అది ఆకాశం పని. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో, 2024 ఆ చుట్టుపక్కల ఉన్నట్టు, పగటిపూట 27 మెగాహెర్ట్జ్ తరంగాలు పైన అయనోస్ఫియర్‌కి కొట్టుకుని వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మీకు వాళ్ళు వినపడితే వాళ్ళకి మీరూ వినపడొచ్చు. కానీ వాళ్ళనే కాదు, పక్క ఊళ్ళో సెట్ ఉన్నవాడు ఎవడైనా వింటాడు, సీబీలో రహస్యం అనేదే లేదు, ఇంటి గొడవలు మాట్లాడకండి.

ఛానెల్ 9 ఎమర్జెన్సీకి అంటారు, ఆపదొస్తే అందులో పిలవాలా?

అది అమెరికా అలవాటు. ఇక్కడ ఛానెల్ 9 పెట్టుకుని పోలీసు ఎవరూ కూర్చోరు. ఆపదలో ముందు 112కి ఫోన్ చెయ్యడానికి చూడండి, సిగ్నల్ లేకపోతే సీబీలో గట్టు మీదున్న మన బండికి చెప్పి వాళ్ళ చేత చేయించండి. అందుకే ప్రతి ట్రిప్పులో ఒక బండిని సిగ్నల్ ఉన్నచోట వదిలి వెళ్తాం, ఆ డ్యూటీ ఎవడికీ ఇష్టముండదు, చీటీలు వేసుకుంటాం.

యానాంలోకి వెళ్తే పుదుచ్చేరి కదా, రూల్స్ మారతాయా?

వైర్‌లెస్ అనేది రాజ్యాంగంలో కేంద్రం జాబితాలో ఉంది, అంచేత యానాంలోనూ, కాకినాడలోనూ, భీమవరంలోనూ ఒకటే రూలు. అడిగే పోలీసు డ్రెస్సు మీద బ్యాడ్జి మారుద్ది అంతే.

పంటు మీద, వేట పడవల వాళ్ళతో మాట్లాడొచ్చా?

సీబీతో కుదరదు. సముద్రం మీదకెళ్ళే బోట్లలో ఉండేది మెరైన్ వీహెచ్‌ఎఫ్ (సీబీ కన్నా పై ఫ్రీక్వెన్సీల్లో నడిచే వేరే రకం రేడియో), వాళ్ళ ఆపద ఛానెల్ 16, ఫ్రీక్వెన్సీ 156.8 మెగాహెర్ట్జ్. మీ చైనా సెట్‌లో ఆ నంబరు కొడితే వినపడుద్ది, వినపడింది కదా అని నొక్కకండి, అక్కడ మీ కేక ఒకడి ప్రాణం మీదకి తెస్తది.

కోరింగ అడవి వైపు సెట్ తీసుకెళ్ళొచ్చా?

అభయారణ్యంలోకి సెట్ సంగతి తరవాత, బండి వెళ్ళాలంటేనే అటవీశాఖ అనుమతి కావాలి. బయట బీచ్‌ల మీద కూడా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసకలో గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో మేం సముద్రం ఒడ్డున టైరు పెట్టం.

## ఆపినప్పుడు, అనుమానం వచ్చినప్పుడు

పోలీసులు ఆపి వైర్‌లెస్ ఎందుకుందంటే ఏం చెప్పాలి?

ముందు ఇంజన్ కట్టేసి దిగండి, మైకు చేతిలో పట్టుకుని దిగొద్దు. మమ్మల్ని ఒక రాత్రి చెక్‌పోస్ట్ దగ్గర ఆపేరు, ఇసక లారీల వాళ్ళు వాకీటాకీలతో కబుర్లు అందించుకుంటన్నారని వాళ్ళకి అనుమానం, నాలుగు జీపులు, నాలుగు యాంటెన్నాలు, బురద, మేమూ అలాగే కనపడతాం మరి. నేను "సార్, ఇది 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండు, ఇదిగోండి అప్రూవల్ కాపీ, ఇదిగోండి సెట్ మీద మోడల్ నంబరు" అని టార్చి వేసి చూపించేను. ఎస్సై గారు రెండూ పోల్చుకున్నారు, నలభై నిమిషాలు పట్టింది, పంపించేసేరు. మూడో బండిలో మా బావ సీటు కింద ఇంకో వీహెచ్‌ఎఫ్ సెట్, అదే లైసెన్సు కావాల్సిన రకం, ఉంది, అది వాళ్ళకి దొరకలేదు గానీ దొరికుంటే నా కాగితం అందరికీ పనికొచ్చేది కాదు. ఆ రాత్రి ఇంటికెళ్ళేదాకా బావతో మాట్లాడలేదు. వాదించకండి, "రూల్స్ మీకు తెలీదా" లాంటి మాటలు అసలొద్దు, సెట్ తీసుకుంటామంటే రసీదు అడగండి.

లైసెన్సు అక్కర్లేని బ్యాండ్ దాటి దొరికితే శిక్ష ఎంత?

1933 వైర్‌లెస్ చట్టంలో లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడానికే మూడేళ్ళ దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మాట్లాడక్కర్లేదు, దగ్గరుంటే చాలు. ఇప్పుడు 1885 టెలిగ్రాఫ్ చట్టం, ఈ 1933 చట్టం రెండిటి స్థానంలోకీ 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, 2024 జూన్ 26 నుంచి విడతలు విడతలుగా అమలు చేస్తన్నారు, అందులో శిక్షలు అప్పటి వెయ్యి రూపాయల్లాగ చిల్లరగా లేవు. "వెయ్యేగా, కట్టేద్దాం" అనే పాత ధీమా వదిలేయండి.

ఇంత గొడవెందుకు, హామ్ లైసెన్సు తీసుకుంటే పోలా?

తీసుకోండి, మంచిదే. పన్నెండేళ్ళు నిండితే చాలు, డబ్ల్యూపీసీ పెట్టే ఎమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్ పరీక్ష రాయాలి, రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు, పాసైతే వీయూ3, వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తది. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ ఎమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. కానీ రెండు సంగతులు. హామ్ లైసెన్సు మీకు, మీ జీపులోని మిగతావాళ్ళకి కాదు, 144-146 మెగాహెర్ట్జ్‌లో మీరు పిలిస్తే అవతలి బండిలో లైసెన్సు లేని బావ పలక్కూడదు. వ్యాపారం పనికి, టూరిస్టుల దగ్గర డబ్బులు తీసుకు తిప్పే ట్రిప్పులకి అసలు వాడకూడదు. ట్రిప్పులు అమ్ముకునేవాళ్ళు సీబీ కానిది వాడాలంటే డబ్ల్యూపీసీలో లైసెన్సుకి అప్లై చేసుకోవాల్సిందే.

తుఫానొచ్చినప్పుడు పనికొస్తదా?

96 నవంబరు తుఫాను చూసినవాళ్ళు ఎవరూ ఈ ప్రశ్న అడగరు, కోనసీమలో కొబ్బరిచెట్లు పడిపోయి, స్తంభాలు పడిపోయి, పక్క ఊరి కబురు తెలియడానికి మనిషి నడిచి రావాల్సొచ్చింది. బ్యాటరీ ఉన్నంతసేపు సీబీ ఊరికీ పక్క ఊరికీ మాట చేరుస్తది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. జీపు ఎత్తు మీద పెట్టుకుని, ఏ టైముకి ఏ ఛానెల్‌లో పలకాలో ముందే అనుకోండి, గంటకోసారి రెండు నిమిషాలు వింటే బ్యాటరీ ఎక్కువకాలం వస్తది.

పాత సెట్ ఎవరికైనా అమ్మేయొచ్చా?

అప్రూవల్ ఉన్న సీబీ సెట్ అయితే బిల్లు, సర్టిఫికెట్ కాపీతో సహా ఇచ్చేయండి. వీహెచ్‌ఎఫ్ సెట్లు మాత్రం ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టకండి, అమ్మడానికి వేరే అనుమతి ఉంటది. మా బావ సీటు కింద సెట్ సంగతి అడుగుతారేమో, చెక్‌పోస్ట్ రాత్రి తరవాత దాన్ని లైసెన్సు ఉన్న హామ్ ఒకాయనకి చేతికిచ్చేసేడు, డబ్బులేమీ తీసుకోలేదు, ఆయన పంపిన పూతరేకుల డబ్బా మాత్రం మాకు ఒక్కటీ పెట్టకుండా వాడే తినేసేడు.